ఐ386 (32 బిట్) లైబ్రరీలు దిగట్లేదు, ‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అని ఆగిపోతోంది (ఉబుంటు 22.04)

తణుకు_నెట్‌సెంటర్
మాది నెట్ సెంటర్. అడంగల్, 1బి, హాల్ టికెట్లు, ఆధార్ ప్రింట్లు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఇదే పని. పాత లేజర్ ప్రింటర్ ఒకటి ఉబుంటు 22.04 ఉన్న సిస్టమ్‌కి తగిలించాను. డ్రైవర్ కంపెనీ సైట్లోనే దొరికింది, 64 బిట్ డెబ్ (ఉబుంటు ప్యాకేజీ ఫైల్) అని రాశారు, ఎక్కింది కూడా. ప్రింట్ ఇస్తే మాత్రం ‘ఫిల్టర్ ఫెయిల్డ్’.

అక్కడా ఇక్కడా చదివితే 32 బిట్ లైబ్రరీలు కావాలన్నారు. డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386 కొట్టి, ఆప్ట్ (ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2:ఐ386 అడిగాను. ఇదీ వరస:

లిబ్‌ఎక్స్‌ఎంఎల్2:ఐ386 : డిపెండ్స్: లిబ్‌సీ6:ఐ386 బట్ ఇట్ ఈజ్ నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్
అన్‌ఏబుల్ టు కరెక్ట్ ప్రాబ్లెమ్స్, యూ హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్

నేను ఏ ప్యాకేజీనీ హోల్డ్‌లో (మారకుండా ఆపి) పెట్టలేదండి. అసలు అదెలా పెడతారో కూడా తెలీదు. ప్రస్తుతానికి పక్క షాపుకి పీడీఎఫ్‌లు పంపించి ప్రింట్లు తెప్పిస్తున్నాను. దారి చెప్పండి.

ఆటల_ఆనంద్
సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్ కొట్టు బ్రో, పోతుంది.

తణుకు_నెట్‌సెంటర్
కొట్టానండి. ‘0 అప్‌గ్రేడెడ్, 0 న్యూలీ ఇన్‌స్టాల్డ్’ అంటోంది. బాగుచేయడానికి దానికేమీ కనపడినట్టు లేదు.

ఆటల_ఆనంద్
అయితే ఆప్టిట్యూడ్ వేసుకో, ఆప్ట్ లాంటిదే. అదే ఏదో ఒక పరిష్కారం చూపిస్తుంది. వై కొట్టుకుంటూ పో.

సుజాత_టెస్టింగ్
ఆనంద్, దయచేసి ‘వై కొట్టుకుంటూ పో’ అని ఎవరికీ చెప్పకు. ఆప్టిట్యూడ్ మొదట చూపించే పరిష్కారం చాలాసార్లు ‘ఇవన్నీ తీసేస్తాను’ అనే ఉంటుంది. ఆ జాబితాలో డెస్క్‌టాప్ మొత్తం ఉన్నా అది మొహమాటపడదు. 2021 నవంబర్లో పాప్ ఓఎస్ (ఉబుంటు మీద కట్టిన సిస్టమ్) మీద స్టీమ్ (ఆటల స్టోర్) వేయబోయిన ఆ యూట్యూబర్ వీడియో నువ్వూ చూసే ఉంటావు. ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని టైప్ చేశాడు, డెస్క్‌టాప్ ప్యాకేజీలు పోయాయి. అక్కడా మూలం ఇదే: ఒక ప్యాకేజీకి ఐ386 జోడీ సరిగ్గా దొరకలేదు. ఆ తర్వాత ఆప్ట్ వాళ్ళు ఆ వాక్యం టైప్ చేసి దాటిపోయే వీలే తీసేశారు.

తణుకు గారూ, షాపు సిస్టమ్ కాబట్టి ఏ ఇన్‌స్టాల్ కమాండ్‌కైనా ముందు -ఎస్ తగిలించండి. ఏం చేయబోతోందో చూపిస్తుంది, చేయదు.

ఓరుగల్లు_రూట్
ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొట్టి చూడు అన్నా. ఏమైనా వస్తుందా?

తణుకు_నెట్‌సెంటర్
ఖాళీ. ఏమీ రాలేదు.

పెంగ్విన్_పంతులు
రాదు. ఆ ‘హెల్డ్ బ్రోకెన్’ అనే మాట ఎంతమందిని తప్పుదారి పట్టించిందో లెక్కలేదు. ‘నువ్వడిగిన కలయిక నాకు కుదరట్లేదు’ అనడానికే ఆప్ట్ ఆ వాక్యం వాడేస్తుంది. హోల్డ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దాన్ని వదిలేసి పై లైను పట్టుకోండి.

పై లైను ఏమంటోంది? లిబ్‌సీ6:ఐ386, అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే మూల లైబ్రరీలో 32 బిట్‌ది, ఎక్కదు అంటోంది. ఎందుకు ఎక్కదో చెప్పట్లేదు. అప్పుడు ఆ ప్యాకేజీనే నేరుగా అడగాలి. అది ఇంకోదాని మీదకి నెడితే దాన్ని అడగాలి. గొలుసు చివరికి వెళ్తేగానీ అసలు కారణం బయటికి రాదు. ఈ రెండూ కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి (రెండోది ఇప్పుడు ఎక్కి ఉన్న వెర్షన్‌నీ, ఎక్కించడానికి దొరికే వెర్షన్ ‘క్యాండిడేట్’నీ చూపిస్తుంది):

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ -ఎస్ లిబ్‌సీ6:ఐ386
ఆప్ట్ పాలసీ లిబ్‌సీ6 లిబ్‌సీ6:ఐ386

డల్లాస్_మావయ్య
ఈలోపు ఒక మాట. ఆ ప్రింటర్‌ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి తగిలించి ప్రింట్ సర్వర్ చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా? నేను ఇంట్లో అలాగే నడుపుతున్నాను.

కొండాపూర్_ఆర్మ్
మీ ప్రింటర్‌కి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉండి ఉంటుంది మావయ్యా. వీళ్ళది కంపెనీ మూసిపెట్టి ఇచ్చిన డ్రైవర్. లోపలి ప్రోగ్రాములు ఇంటెల్ 32 బిట్ కోసం కట్టినవి. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. అక్కడ పెడితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ తప్ప కాగితం రాదు. క్యూఈఎంయూ (వేరే ప్రాసెసర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) పెట్టి, ఆర్మ్ మీద మళ్ళీ ఐ386 జోడించి నడపొచ్చు, నడిపినవాళ్ళున్నారు. కానీ ఒక ఆర్కిటెక్చర్ (ప్రాసెసర్ రకం) తలనొప్పి తగ్గించుకోవడానికి రెండు తెచ్చుకున్నట్టే.

తణుకు_నెట్‌సెంటర్
పంతులు గారూ, మీరడిగినవి.

మొదటిది: లిబ్‌సీ6 : బ్రేక్స్: లిబ్‌సీ6:ఐ386 (!= 2.35-0ఉబుంటు3.8) బట్ 2.35-0ఉబుంటు3 ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్

రెండోది:
లిబ్‌సీ6: ఇన్‌స్టాల్డ్ 2.35-0ఉబుంటు3.8, క్యాండిడేట్ 2.35-0ఉబుంటు3.8
లిబ్‌సీ6:ఐ386: ఇన్‌స్టాల్డ్ (నన్), క్యాండిడేట్ 2.35-0ఉబుంటు3

ఓరుగల్లు_రూట్
దొరికింది దొంగ.

పెంగ్విన్_పంతులు
దొరికింది. తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే ఈ ఒక్కటి అర్థమైతే మల్టీఆర్చ్ (ఒకే సిస్టమ్‌లో రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీలు ఉంచడం) గొడవల్లో ఎక్కువ భాగం అర్థమైనట్టే.

మీ సిస్టమ్‌లో 64 బిట్ లైబ్రరీలు /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ లో ఉంటాయి. 32 బిట్‌వి /యూఎస్ఆర్/లిబ్/ఐ386-లైనక్స్-జీఎన్‌యూ లో. దారులు వేరు కాబట్టి ఢీకొట్టవు. కానీ ఆ రెండు ప్యాకేజీలకీ ఉమ్మడి ఫైళ్ళు కొన్ని ఉంటాయి. ఛేంజ్‌లాగ్, కాపీరైట్ లాంటివి /యూఎస్ఆర్/షేర్/డాక్ లో ఒకే చోట పడతాయి. రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే అయితేనే డీపీకేజీ ఒప్పుకుంటుంది. అందుకని ‘మల్టీ-ఆర్చ్: సేమ్’ అని గుర్తున్న ప్రతి లైబ్రరీకీ రూల్ ఒకటే: రెండు ఆర్కిటెక్చర్లలోనూ వెర్షన్ చివరి అంకెదాకా కలవాలి. కాడికి కట్టిన జోడెద్దుల్లాగా ఒకటి ముందు, ఒకటి వెనక నడవడం కుదరదు.

మీకు 64 బిట్‌ది 3.8 దగ్గరుంది. 32 బిట్‌ది, 22.04 విడుదలైన 2022 ఏప్రిల్ నాటి 3 దగ్గరే ఆగింది. దాన్నే ‘బ్రేక్స్ (!=)’, అంటే సమానం కాకపోతే కుదరదు, అంటోంది.

ఇక ప్రశ్న: 64 బిట్‌కి అప్‌డేట్లు అందుతూ 32 బిట్‌కి ఎందుకు అందట్లేదు? సర్వర్లో లేక కాదు, అక్కడ రెండూ కలిసే వస్తాయి. మీ సిస్టమ్ వాటిని అడగట్లేదు. /ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్ లో హ్యాష్ లేని లైన్లు పెట్టండి.

ఆటల_ఆనంద్
అంత దేనికి, లిబ్‌సీ6ని 0ఉబుంటు3 కి డౌన్‌గ్రేడ్ చేస్తే రెండూ సమానమైపోతాయి కదా.

సుజాత_టెస్టింగ్
లిబ్‌సీ6 మీద ఆధారపడనిది ఆ సిస్టమ్‌లో ఏముంది? బ్యాష్, ఆప్ట్, డీపీకేజీ, అన్నీ దాని మీదే నడుస్తాయి. పైగా 3 కీ 3.8 కీ మధ్య వచ్చినవాటిలో భద్రతా సవరణలున్నాయి. జనం ఆధార్ కాపీలు తెరిచే సిస్టమ్‌లో వాటిని వెనక్కి తీసుకోమని నేను చెప్పను.

ఆటల_ఆనంద్
పీపీఏ-పర్జ్ చేసేది డౌన్‌గ్రేడ్ కాదా మరి? దాన్ని అందరూ చెప్తారుగా.

పెంగ్విన్_పంతులు
డౌన్‌గ్రేడే. కాకపోతే అది పీపీఏల నుంచి, అంటే బయటివాళ్ళు నడిపే ప్యాకేజీ నిలవల నుంచి, తెచ్చుకున్న ప్యాకేజీలను పంపిణీ (ఇక్కడ ఉబుంటు) ఇచ్చే తాజా వెర్షన్‌కి తెస్తుంది. నువ్వు చెప్పేది పంపిణీ ఇచ్చిన తాజాదాన్నే వదిలి పాతదానికి పోవడం. రెండింటికీ తేడా ఉంది.

తణుకు_నెట్‌సెంటర్
ఇవండి లైన్లు:

డెబ్ హెచ్‌టీటీపీ://ఇన్.ఆర్కైవ్.ఉబుంటు.కామ్/ఉబుంటు జామీ మెయిన్ రెస్ట్రిక్టెడ్ యూనివర్స్ మల్టీవర్స్
డెబ్ [ఆర్చ్=ఏఎండీ64] హెచ్‌టీటీపీ://ఇన్.ఆర్కైవ్.ఉబుంటు.కామ్/ఉబుంటు జామీ-అప్‌డేట్స్ మెయిన్ రెస్ట్రిక్టెడ్ యూనివర్స్ మల్టీవర్స్
డెబ్ [ఆర్చ్=ఏఎండీ64] హెచ్‌టీటీపీ://సెక్యూరిటీ.ఉబుంటు.కామ్/ఉబుంటు జామీ-సెక్యూరిటీ మెయిన్ రెస్ట్రిక్టెడ్ యూనివర్స్ మల్టీవర్స్

సిస్టమ్ అమ్మిన షాపు కుర్రాడే ఉబుంటు వేసి ఇచ్చాడండి. నేను ఈ ఫైల్ తెరవడం ఇదే మొదలు.

ఓరుగల్లు_రూట్
అప్‌డేట్స్, సెక్యూరిటీ రెండిట్లో [ఆర్చ్=ఏఎండీ64], అంటే 64 బిట్‌వి మాత్రమే దించు అని, ఉంది, మొదటి లైన్లో లేదు. కథ మొత్తం ఇక్కడే ఉందన్నా. 32 బిట్‌కి మొదటి లైన్ ఒక్కటే గతి, అందుకే 2022 దగ్గర ఆగిపోయింది.

వాళ్ళెందుకు పెట్టి ఉంటారో చెప్పనా? ఐ386 ఉన్న సిస్టమ్‌లో క్రోమ్ లాంటి బ్రౌజర్ రిపో (ప్యాకేజీలు దిగే చోటు) ఉంటే అప్‌డేట్ కొట్టినప్పుడల్లా ‘స్కిప్పింగ్ అక్వైర్ ఆఫ్ కాన్ఫిగర్డ్ ఫైల్… డజంట్ సపోర్ట్ ఆర్కిటెక్చర్ ఐ386’ అని వస్తుంటుంది. ఆ రిపోలో 32 బిట్ లేదు కాబట్టి వస్తుంది. దానికి మందు ఆ రిపో లైన్లో మాత్రమే ఆర్చ్ పెట్టడం. చాలామంది నెట్లో చదివి ఫైల్లో కనపడిన ప్రతి లైన్‌కీ పెట్టేస్తారు.

సుజాత_టెస్టింగ్
రూట్ చెప్పిన మెసేజ్‌కి ముందు ఎన్ అనే అక్షరం ఉంటుంది, గమనించండి. ఎన్ అంటే ఊరికే తెలియజేయడం. డబ్ల్యూ అయితే హెచ్చరిక, ఈ అయితే పని ఆగిపోయిందని. ఎన్ కనపడగానే టెన్షన్ పడి ఫైళ్ళు మార్చక్కర్లేదు.

పెంగ్విన్_పంతులు
తణుకు గారూ, ఈ వరసలో చేయండి.

ముందు ఆ ఫైల్‌కి కాపీ తీసుకోండి. తర్వాత ఆ రెండు లైన్లలోంచీ [ఆర్చ్=ఏఎండీ64] ముక్క తీసేయండి, మిగతాదేదీ ముట్టుకోవద్దు. బ్రౌజర్ రిపో సోర్సెస్.లిస్ట్.డీ అనే ఫోల్డర్లో వేరే ఫైల్‌గా ఉంటుంది, అందులో ఆర్చ్ ఉంటే అక్కడ ఉండనివ్వండి. సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టినప్పుడు జామీ-అప్‌డేట్స్ (జామీ అంటే 22.04కి ఇంకో పేరు) పక్కన ‘ఐ386 ప్యాకేజెస్’ అనే లైన్లు దిగుతూ కనపడాలి. కనపడ్డాక ఆప్ట్ పాలసీ మళ్ళీ కొట్టండి. రెండు క్యాండిడేట్లూ ఒకటే అయితే, ముందు సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ పూర్తి చేసి, ఆ తర్వాత లైబ్రరీలు -ఎస్ తో అడగండి. ‘రిమూవ్డ్’ అన్న చోట 0 ఉంటేనే -ఎస్ తీసి వేయండి.

కొత్త_కుర్చీ
అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఇంకో రకం. 32 బిట్ ప్రోగ్రామ్ ఫైల్ ఎదురుగా కనిపిస్తోంది, ఎల్ఎస్ కొడితే ఉంది, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉంది. నడిపితే మాత్రం ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. కళ్ళముందున్న ఫైల్ లేదంటుందేమిటి?

కొండాపూర్_ఆర్మ్
లేదన్నది నీ ఫైల్ గురించి కాదు. దాన్ని లోడ్ చేసే ఫైల్ గురించి. ‘ఫైల్’ అనే కమాండ్‌కి నీ ప్రోగ్రామ్ పేరు ఇచ్చి చూడు. ‘ఈఎల్ఎఫ్ 32-బిట్… ఇంటర్‌ప్రెటర్ /లిబ్/ఎల్డీ-లైనక్స్.ఎస్ఓ.2’ అని వస్తుంది. ఆ ఎల్డీ-లైనక్స్.ఎస్ఓ.2 లిబ్‌సీ6:ఐ386 తో వస్తుంది. అది లేకపోతే కెర్నెల్ ‘ఫైల్ లేదు’ అంటుంది, షెల్ ఆ మాటని నీ ప్రోగ్రామ్ పేరు పక్కన పెట్టి చూపిస్తుంది. ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపించే ఎల్డీడీ కొట్టినా ‘నాట్ ఎ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్’ అని ఇంకా తికమక పెడుతుంది.

తణుకు గారి ‘ఫిల్టర్ ఫెయిల్డ్’ వెనక కూడా ఇదే ఉంటుందని నా అంచనా. కప్స్ (ప్రింటింగ్ చూసుకునే ప్రోగ్రామ్) ఎర్రర్ లాగ్‌లో చూస్తే తెలుస్తుంది.

కొత్త_కుర్చీ
లిబ్‌సీ6:ఐ386 వేశాను, లేచి కూర్చుంది. ఈ ఎర్రర్ రాసినవాళ్ళు ‘లోడర్ లేదు’ అని ఒక్క మాట రాసి ఉంటే ఎంత బాగుండేది.

తణుకు_నెట్‌సెంటర్
పంతులు గారూ, రూట్ గారూ, అయిపోయిందండి! రెండు లైన్లు మార్చి అప్‌డేట్ కొట్టగానే ఐ386 లైన్లు బిలబిలమని దిగాయి. రెండు క్యాండిడేట్లూ ఒకటే చూపించింది. -ఎస్ లో రిమూవ్డ్ 0. వేశాను.

లైబ్రరీలు ఎక్కాక కూడా మొదటి ప్రింట్ రాలేదు. కొండాపూర్ గారు చెప్పినట్టు /యూఎస్ఆర్/లిబ్/కప్స్/ఫిల్టర్ లో ఉన్న ఆ కంపెనీ ఫిల్టర్ మీద ఎల్డీడీ కొడితే ఇంకో లైబ్రరీ పక్కన ‘నాట్ ఫౌండ్’ ఉంది. దాని ఐ386 ప్యాకేజీ కూడా వేసి, కప్స్ రీస్టార్ట్ చేస్తే వచ్చింది. ఇందాక ఒక రైతు గారికి 1బి తీసిచ్చాను, అక్షరాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

ఓరుగల్లు_రూట్
శుభం. ఎల్డీడీలో ‘నాట్ ఫౌండ్’ అన్నీ పోయేదాకా చూడటం మంచి పద్ధతి. లైబ్రరీ పేరు తెలిసి ప్యాకేజీ పేరు తెలియకపోతే ఆప్ట్-ఫైల్ సెర్చ్ వాడండి.

ఆటల_ఆనంద్
నా కేసు ఇలాంటిదే కానీ సోర్సెస్.లిస్ట్ శుభ్రంగా ఉంది. వైన్ (విండోస్ ప్రోగ్రాములు ఇక్కడ నడిపేది) వేద్దామంటే లిబ్‌జీడీ3:ఐ386 దగ్గర ఆగుతోంది. ఆప్ట్ పాలసీలో 64 బిట్‌ది ఏదో పీపీఏ నుంచి వచ్చినట్టు చూపిస్తోంది.

సుజాత_టెస్టింగ్
పీహెచ్‌పీ కొత్త వెర్షన్ కోసం పీపీఏ పెట్టుకున్నావు కదా? ఆ పీపీఏలు పీహెచ్‌పీతో పాటు లిబ్‌జీడీ3 కూడా కొత్తది ఇస్తుంటాయి, 64 బిట్‌కి మాత్రమే. ఐ386 కి పంపిణీలో ఉన్న పాతదే దిక్కు. మళ్ళీ అదే ‘!=’. గ్రాఫిక్స్ కోసం మెసా పీపీఏలు పెట్టుకున్నవాళ్ళకీ ఇది తగులుతుంది, అక్కడ ఒక్కోసారి ఐ386 బిల్డ్ ఇంకా పూర్తవకముందే 64 బిట్‌ది బయటికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు కాసేపు ఆగితే చాలు. నీ విషయంలో ఆగినా రాదు. పీహెచ్‌పీ ప్రాజెక్టు ఒక కంటైనర్లోకి మార్చుకుని, ఇక్కడ పీపీఏ-పర్జ్ కొట్టు.

ఆర్పీఎం_రాజు
డెబియన్ వాళ్ళకే కాదు ఈ బాధ. రెడ్ హ్యాట్ వైపు యమ్ (అక్కడి పాత ప్యాకేజీ ప్రోగ్రామ్) రోజుల్లో ‘ప్రొటెక్టెడ్ మల్టీలిబ్ వెర్షన్స్: ఫలానా.ఐ686 != ఫలానా.ఎక్స్86_64’ అని వచ్చేది. ఐ686 అంటే మా దగ్గర 32 బిట్. మాటలు వేరు, విషయం ఇదే. చాలామంది --సెట్ఆప్ట్ తో ఆ కాపలాని ఆపేసి ముందుకు పోయేవాళ్ళు. తర్వాత డూప్లికేట్ ప్యాకేజీలు శుభ్రం చేసుకోవడానికి నానా అవస్థా పడేవాళ్ళు. డీఎన్ఎఫ్ (యమ్ తర్వాత వచ్చింది) డిస్ట్రో-సింక్ కొట్టి రెండింటినీ ఒకే వెర్షన్‌కి తేవడమే సరైన దారి.

మా దగ్గర ఫోల్డర్లు వేరేలా ఉంటాయి. 64 బిట్‌వి /యూఎస్ఆర్/లిబ్64, 32 బిట్‌వి /యూఎస్ఆర్/లిబ్. రెండు ఆర్కిటెక్చర్ల ప్యాకేజీ ఒకే ప్రోగ్రామ్‌ని /యూఎస్ఆర్/బిన్ లో పెట్టాలని చూస్తే 64 బిట్‌దే నిలుస్తుంది. నాకైతే ఇదే సులువుగా అనిపిస్తుంది.

కొండాపూర్_ఆర్మ్
రాజు గారూ, ఇంటెల్ 32, 64 మధ్యనైతే సులువే. లిబ్, లిబ్64 అని రెండే గదులు ఉన్నప్పుడు ఆర్మ్‌ని ఎక్కడ పెడతారు? డెబియన్ పద్ధతిలో ఆర్కిటెక్చర్ పేరే ఫోల్డర్ పేరు కాబట్టి ఎన్నైనా పెట్టుకోవచ్చు. మా ఆఫీసులో ఒకే ల్యాప్‌టాప్‌లో ఏఎండీ64, ఆర్మ్64, ఆర్మ్‌హెచ్ఎఫ్ (32 బిట్ ఆర్మ్) మూడూ ఉంటాయి, బోర్డులకి కోడ్ ఇక్కడే కంపైల్ చేస్తాం.

ఆర్మ్ వాళ్ళ కోసం ఒక విషయం చెప్పి తీరాలి. ఉబుంటు మామూలు సర్వర్లలో ఏఎండీ64, ఐ386 మాత్రమే ఉంటాయి. ఆర్మ్64 అంతా పోర్ట్స్.ఉబుంటు.కామ్ లో ఉంటుంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో --యాడ్-ఆర్కిటెక్చర్ ఆర్మ్64 కొట్టి అప్‌డేట్ చేస్తే ‘బైనరీ-ఆర్మ్64/ప్యాకేజెస్ 404 నాట్ ఫౌండ్’ అని వరసపెట్టి వచ్చేది అందుకే. ఉన్న లైన్లకి [ఆర్చ్=ఏఎండీ64,ఐ386] పెట్టి, పోర్ట్స్ లైన్లు [ఆర్చ్=ఆర్మ్64] తో విడిగా చేర్చాలి. తణుకు గారికి హాని చేసిన ఆర్చ్ ముక్కే ఇక్కడ తప్పనిసరి. డెబియన్‌లో ఈ గొడవ లేదు, ఒకే అద్దాల సర్వర్లో ఆర్మ్64 కూడా ఉంటుంది.

డల్లాస్_మావయ్య
‘అద్దాల సర్వర్’ బాగుంది, మిర్రర్‌కి ఇకనుంచి నేనూ అదే అంటాను.

పెంగ్విన్_పంతులు
కొండాపూర్, నువ్వు ఇంకో ప్రమాదం చెప్పలేదు. క్రాస్ కంపైల్ (ఒక ప్రాసెసర్ మీద ఇంకో ప్రాసెసర్‌కి కోడ్ కట్టడం) కోసం ఏదో ఒక డెవ్ ప్యాకేజీ :ఆర్మ్64 అని అడిగితే అది పైథాన్3:ఆర్మ్64 ని లాక్కొస్తానంటుంది ఒక్కోసారి.

కొండాపూర్_ఆర్మ్
అవును, అదే అసలు గండం. లైబ్రరీలు రెండు ఆర్కిటెక్చర్లవి పక్కపక్కన ఉంటాయి, ప్రోగ్రాములు ఉండవు. /యూఎస్ఆర్/బిన్/పైథాన్3 ఒక్కటే ఉండగలదు. ఆర్మ్64ది రావాలంటే మన పైథాన్3 పోవాలి. అది పోతే దాని మీదున్న డెస్క్‌టాప్ ప్యాకేజీలన్నీ పోవాలి. ప్యాకేజీ చేసినవాళ్ళు ఆ డిపెండెన్సీని పైథాన్3:ఎనీ అని రాసి ఉంటే ఈ సమస్య రాదు, ఏ ఆర్కిటెక్చర్ పైథాన్ అయినా సరిపోతుంది. రాయకపోతే మేం ఆ పనిని క్రూట్‌లోనో డాకర్‌లోనో (మెయిన్ సిస్టమ్‌కి తగలకుండా విడిగా ఉండే చోట్లు) చేసుకుంటాం. మెయిన్ సిస్టమ్‌లో మొండికేయం.

డల్లాస్_మావయ్య
మాక్ వాళ్ళ బాధ కూడా వినండి. ఇంటెల్ మాక్ నుంచి ఎం1 (యాపిల్ ఆర్మ్ ప్రాసెసర్) కి మైగ్రేషన్ అసిస్టెంట్‌తో మారిన మా ఆఫీసు వాళ్ళలో సగం మందికి రెండు హోమ్‌బ్రూలున్నాయి (మాక్‌లో ఆప్ట్ లాంటిది). ఇంటెల్‌ది /యూఎస్ఆర్/లోకల్ లో, ఆర్మ్‌ది /ఆప్ట్/హోమ్‌బ్రూ లో. పాతది రొసెట్టా (ఇంటెల్ ప్రోగ్రాములను ఆర్మ్ మాక్‌లో నడిపేది) మీద చక్కగా నడిచిపోతుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఒకరోజు పైథాన్‌లో ‘ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్ (హావ్ ఎక్స్86_64, నీడ్ ఆర్మ్64)’ అని వస్తుంది, ఆ రోజంతా పోతుంది.

‘విచ్ బ్రూ’ కొట్టి ఏ దారి చూపిస్తుందో చూసుకోండి. పాత బ్రూ నుంచి ‘బ్రూ బండిల్ డంప్’ తో జాబితా తీసి, కొత్తదాన్లో వేసుకుని, పాతది తీసేయండి. రొసెట్టా కూడా మాక్‌ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంటుందని యాపిల్ 2025 జూన్‌లోనే చెప్పేసింది.

ల్యాబ్_కాకినాడ
కాలేజీ ల్యాబ్ నాది. లోకల్ మిర్రర్ (ఉబుంటు సర్వర్ నకలు) ఆప్ట్-మిర్రర్‌తో పెట్టాం, పిల్లల సిస్టమ్‌లన్నీ దాన్నించే తీసుకుంటాయి. ఒక సిమ్యులేటర్‌కి 32 బిట్ లైబ్రరీలు కావాలి. ‘అన్‌ఏబుల్ టు లొకేట్ ప్యాకేజ్’ అంటోంది. ఆర్చ్ ముక్కలు ఎక్కడా లేవు.

ఓరుగల్లు_రూట్
మీ మిర్రర్‌లోనే ఐ386 లేదు సార్. ఆప్ట్-మిర్రర్ ‘డెబ్’ లైన్‌కి డిఫాల్ట్ ఆర్కిటెక్చర్ ఒక్కటే దించుతుంది. మిర్రర్.లిస్ట్ లో ‘డెబ్-ఐ386’ తో మొదలయ్యే లైన్లు కూడా రాయండి. అప్‌డేట్స్‌కీ సెక్యూరిటీకీ కూడా రాయాలి, లేకపోతే ల్యాబ్ మొత్తానికి ఇదే థ్రెడ్ మళ్ళీ మొదలవుతుంది.

పెంగ్విన్_పంతులు
ల్యాబ్‌కి పూర్తి మిర్రర్ అవసరమా అని కూడా ఆలోచించండి. ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెడితే పిల్లలు అడిగినవే ఒకసారి దిగి అక్కడ నిలవుంటాయి. ఏ ఆర్కిటెక్చర్ అయినా అడిగితే వస్తుంది, ముందే లెక్కేసుకోనక్కర్లేదు.

ల్యాబ్_కాకినాడ
రాత్రిపూట నెట్ ఉండదు సార్ మాకు, అందుకే పూర్తి మిర్రర్. డెబ్-ఐ386 లైన్లు రాసి ఈ రాత్రికి కాకుండా రేపు పొద్దున నడుపుతాను.

కొత్త_కుర్చీ
ఇంకో సిస్టమ్ 24.04. అందులో లిబ్ఏసౌండ్2:ఐ386 వేయమంటే ‘నో ఇన్‌స్టాలేషన్ క్యాండిడేట్’ అంటోంది. సోర్సెస్ చూశాను, ఆర్చ్ లేదు.

సుజాత_టెస్టింగ్
24.04 లో దాని పేరు లిబ్ఏసౌండ్2టీ64. 2038 జనవరి 19న 32 బిట్ సమయ లెక్క పొంగిపొర్లుతుంది కదా, దానికోసం చాలా లైబ్రరీలను 64 బిట్ సమయానికి మార్చి పేరు చివర టీ64 చేర్చారు. ఐ386 ని మాత్రం పాత ప్రోగ్రాములు నడవాలని ఆ మార్పు నుంచి మినహాయించారు, పేరు ఒక్కటే మారింది. కాబట్టి లిబ్ఏసౌండ్2టీ64:ఐ386 అని అడుగు. ఇంకోటి, 24.04 లో సోర్సెస్.లిస్ట్ దాదాపు ఖాళీ. అసలువి సోర్సెస్.లిస్ట్.డీ లో ఉబుంటు.సోర్సెస్ అనే ఫైల్లో ఉంటాయి. అక్కడ ‘ఆర్కిటెక్చర్స్:’ అనే వరస ఉందేమో చూడు.

ఆటల_ఆనంద్
అసలు ఈ ఐ386 ఇంకెన్నాళ్ళు ఉంటుంది? తీసేస్తారంటున్నారు కదా.

పెంగ్విన్_పంతులు
2019 జూన్‌లో ఉబుంటు తీసేస్తామంది. స్టీమ్, వైన్ వాళ్ళ నుంచి నిరసన రాగానే వెనక్కి తగ్గి, ఎంపిక చేసిన లైబ్రరీలు మాత్రం ఉంచింది. ఇప్పటికీ అదే ఏర్పాటు. అందుకే ప్రతి ప్యాకేజీకీ ఐ386 దొరకదు. డెబియన్ 13 కూడా 2025 ఆగస్టులో అదే దారి పట్టింది: ఐ386 కి కెర్నెల్, ఇన్‌స్టాలర్ లేవు, 64 బిట్ సిస్టమ్‌లో పాత ప్రోగ్రాములు నడపడానికి మాత్రం లైబ్రరీలున్నాయి. రెడ్ హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్ఈఎల్ 10 అయితే 32 బిట్ లైబ్రరీలు ఇవ్వడమే మానేసింది.

నా అభిప్రాయం అడిగితే ఈ తీసివేతల్లో తణుకు లాంటి ఊళ్ళ లెక్క ఎవరూ చూడట్లేదు. ఆటలవాళ్ళు అడిగారు కాబట్టి ఐ386 మిగిలింది. పనిచేసే ప్రింటర్‌ని, స్కానర్‌ని డ్రైవర్ కోసం పారేయలేని షాపులు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. వాళ్ళ తరఫున బగ్ రిపోర్టులు వెళ్ళాలి. ఏ లైబ్రరీకి ఐ386 లేక ఏ పరికరం ఆగిందో స్పష్టంగా రాస్తే చదువుతారు.

ఆర్పీఎం_రాజు
ఇది నిజం. ఫెడోరాలో 2025లో ఐ686 తీసేయాలన్న ప్రతిపాదన వచ్చి, అభ్యంతరాలు చూసి వెనక్కి తీసుకున్నారు. రాసినవాళ్ళ మాటే చెల్లింది.

తణుకు_నెట్‌సెంటర్
బగ్ రిపోర్ట్ రాయడం ఎవరైనా దగ్గరుండి చూపిస్తే నేను రాస్తానండి. మా వీధిలోనే ఇలాంటి ప్రింటర్లు ఇంకా ఉన్నాయి. ఇంకొక్క సందేహం: ఎప్పుడైనా ప్రింటర్ మార్చేస్తే ఈ ఐ386 అంతా తీసేయొచ్చా? డీపీకేజీ --రిమూవ్-ఆర్కిటెక్చర్ ఐ386 సరిపోతుందా?

ఓరుగల్లు_రూట్
నేరుగా కొడితే ఒప్పుకోదన్నా, ‘కరెంట్లీ ఇన్ యూజ్ బై ద డేటాబేస్’ అంటుంది. ముందు డీపీకేజీ -ఎల్ లో ఐ386 అని గ్రెప్ కొట్టి ఏమున్నాయో చూసుకో. వాటిని ఆప్ట్ పర్జ్ తో, మళ్ళీ -ఎస్ పెట్టే, పేరు చివర :ఐ386 ఉన్నవి మాత్రమే పోతున్నాయని చూసుకుని తీసేయ్. జాబితా ఖాళీ అయ్యాక --రిమూవ్-ఆర్కిటెక్చర్ కొట్టి, ఆప్ట్ అప్‌డేట్ చెయ్.

బగ్ రిపోర్ట్ సంగతి నాకు మెసేజ్ పెట్టు, ఆదివారం కూర్చుని ఇద్దరం రాద్దాం.